చింతచిగురు కలిసిన కూడు: రెండు పద్యాలలో ఒక వంటకం

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులలో ఒకటి శ్రీకృష్ణునికి విసిరిన సవాలు. పూతన చనుబాలలోని చేదును తాగానని, కార్చిచ్చును మింగానని మిడిసిపడడం గొప్ప కాదట. చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరను జొన్నకూటితో కలిపి ఒక్క ముద్ద మెల్లగా దిగమింగితే అప్పుడు ఆయన సత్తువ ఏపాటిదో తెలుస్తుందట. పల్నాటి సంచారంలో చెప్పినదిగా ప్రసిద్ధమైన ఈ పద్యం తరగతి గది మొదలు సాహిత్య సభ వరకు నవ్వు పుట్టించని చోటు లేదు. విషానికీ నిప్పుకూ సాటిగా ఒక పల్లెటూరి భోజనాన్ని నిలబెట్టిన అతిశయోక్తి చక్కనిదే కనుక ఆ నవ్వు సహజం. అయితే పద్యాన్ని హాస్యంగా ఆస్వాదించడంతో ఆగక, పల్నాటి ప్రజల తిండి ఎంత దుర్భరంగా ఉండేదో చెప్పే సాక్ష్యంగా కూడ దానిని స్వీకరించడం మనకు అలవాటయింది. ఆ అలవాటును పరిశీలించడమే ఈ వ్యాసం చేపట్టిన పని.

ఆ ముద్దలో ఉన్నవి మూడు: ఒక ముతక ధాన్యం, ఒక ఆకుకూర, ఒక పులుపు. ఈ మూడింటి కలయిక ఆ చాటువుతో ముగియలేదు. 16వ శతాబ్ది తొలి భాగంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో వానకాలాన్ని వర్ణిస్తూ ఇదే వంటకాన్ని మరో ధాన్యంతో, మరికొన్ని ఆకులతో, అదే చింతచిగురుతో ప్రస్తావించాడు. ఒకచోట దేవుడికి కూడ మింగుడుపడని పరీక్షగా నిలిచిన వంటకం మరొకచోట జడివానలో రెడ్ల సుఖానికి గుర్తు అయింది. వంటకం మారలేదు, తినేవాడు మారాడు, చూసేవాడు మారాడు. చాటువు జొన్నకూటి రుచికి సాక్ష్యం కాదనీ, ఆ కూటికీ కవికీ మధ్య ఉన్న దూరానికి మాత్రమే సాక్ష్యమనీ నా వాదం. ఇందుకు రెండు పద్యాలను పక్కపక్కన పెట్టి చదవడంతోపాటు, వాటిలోని వంటను వంటగా కూడ చదవవలసి ఉంటుంది.

చాటువు చెప్పే సాక్ష్యం

చాటువుల కర్తృత్వం ఎప్పుడూ చిక్కే. నోటి నుండి నోటికి సాగివచ్చిన ఈ పద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిగా కూర్చకపోతే వీటిలో ఎన్ని మనకు దక్కేవో చెప్పలేము. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 1998లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం చాటువులను కవుల జీవితచరిత్రకు ఆధారాలుగా కాక, ఒక సాహిత్య సమాజం తన కవులను గురించి గుర్తుపెట్టుకొన్న సంప్రదాయంగా చూసింది. ఆ చూపు ఇక్కడ ఎంతో ఉపయోగిస్తుంది. ఈ వ్యాసంలో చాటువుల సందర్భంలో శ్రీనాథుడు అన్నప్పుడల్లా చాటువులలో తిరిగే శ్రీనాథుడని గ్రహించాలి. కొండవీటి కొలువులో పెరిగి, ఆ కొలువు కూలిన తర్వాత ఊరూరా తిరుగుతూ, దొరికినది తింటూ, దొరకనిదానికి చిరాకుపడే ఆస్థానకవి అతడు.

ఈ పాత్ర చిరాకుపడిన మరి రెండు సందర్భాలను ఇక్కడ తలచుకోవాలి. ఒక పద్యంలో పల్నాటి సీమలో కలి, అంబలి, అన్నం అన్నీ జొన్నలతోనేనని, సన్నబియ్యపు అన్నం అక్కడి జనానికి సున్న అని లెక్క తేలుస్తాడు. ఇంకొక పద్యంలో కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకొంటాడు. తాను కుల్లాయి పెట్టాడు, కోక చుట్టాడు, పెద్ద అంగీ తొడిగాడు, వెల్లుల్లి, నువ్వులపిండి తిన్నాడు, అంబలి తాగాడు; ఇంత చేసినా దయ కలగలేదా అని అడుగుతాడు. ఈ మొరలో తిండి ఏ జాబితాలో చేరిందో గమనించాలి. కుల్లాయి, అంగీ, వెల్లుల్లి, అంబలి అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. అక్కడ అంబలి రుచి చూసిన పదార్థం కాదు, రాజదర్శనం కోసం తొడుక్కొన్న వేషంలో ఒక భాగం. అంబలి బాగులేదని కాదు ఆయన బాధ. శ్రీనాథుడంతటివాడు అంబలి తాగి కూడ ఎదురుచూడవలసి వచ్చిందని.

జొన్నలను వెక్కిరించిన ఈ కవే చివరి రోజులలో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకొని సాగుచేశాడని మరొక చాటువు చెబుతుంది. కృష్ణ వరద పంటను ఊడ్చుకుపోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పక్షులపాలయ్యాయి, ఏడు వందల టంకాల పన్ను మాత్రం మిగిలింది. చాటువుల వరుసను ఒక కథగా చదివితే, అవతలివారి కూటిని చూసి నవ్వినవాడు ఆ కూడు పండించేవాడి నష్టంలో పడడంతో కథ ముగుస్తుంది. ఈ వరుసను కూర్చిన సమాజానికి ఆ వ్యంగ్యం తెలియదనుకోను.

కవి మనసులో ఉన్న భోజనం ఏమిటో తెలుసుకోవడానికి క్రీడాభిరామం సాయపడుతుంది. వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వివాదం ఉన్న ఈ వీథినాటకంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట ఒక రూకకు దొరికే భోజనం వివరంగా ఉంది: కప్పురభోగి బియ్యపు వంటకం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డ పెరుగు. ఇక్కడ ధాన్యానికి పేరుంది. ఏ బియ్యమో చెప్పాడు. నంజులకు పేర్లు లేవు, లెక్క మాత్రమే ఉంది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలంలో వైష్ణవ అతిథులకు పెట్టిన భోజనంలో కూడ ఇదే తీరు. కలమాన్నం అని బియ్యానికి పేరు చెప్పిన కవి, కూరల దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు అని వదిలేశాడు. పల్నాటి ముద్దలో ఈ తీరు తలకిందులయింది. కూర బచ్చలి అని, పులుపు చింతచిగురు అని పేరు పెట్టి చెప్పాడు. సన్నబియ్యం ఉన్న విస్తరిలో కూరలు లెక్కకు వస్తాయి. ముతక ధాన్యం ఉన్న విస్తరిలో కూరలు పేరుకు వస్తాయి. మూడు నాలుగు పద్యాల మీద ఆధారపడిన పరిశీలనే అయినా, దీనికి కారణం వంటింట్లో దొరుకుతుందని నా నమ్మకం. సన్నన్నం దేనితోనైనా దిగుతుంది. జొన్నకూటికి మాత్రం తగిన తోడు కావాలి.

వంటగా చదివితే

జొన్న గింజ గట్టిది. కొద్దిగా నీళ్లు చల్లి రోట్లో దంచితే పై పొట్టు ఊడుతుంది. చేటలో చెరిగి ఆ పొట్టును తీసేసి, తిరగలిలో విసిరితే రవ్వా పిండీ వస్తాయి. ఎసరు మరిగినప్పుడు ముందు రవ్వ పోసి, అది మెత్తబడిన తర్వాత పిండి చల్లి తెడ్డుతో తిప్పితే సంకటి అవుతుంది. తెలంగాణలో గటక అనేది దీనికి దగ్గరి వంటకమే. పొట్టు తీసిన గింజను అలాగే వండితే జొన్నన్నం. ఏ రూపంలో వండినా దీని గుణం ఒకటే: వేడిగా ఉన్నంతసేపు మెత్తన, చల్లారితే గట్టి. గోధుమలోని జిగట మాంసకృత్తులు జొన్నలో లేవు కనుక ముద్ద పొడిబారి విడిపోతుంది, గొంతుకు అడ్డం పడుతుంది.

ఇప్పుడు బచ్చలిని చూద్దాం. బచ్చలి ఆకులోను కాడలోను జిగురు ఎక్కువ. అన్నంలో కలిపితే కొందరికి ఇంపుగా ఉండని ఈ జిగురే జొన్నముద్దను గొంతులో జారనిస్తుంది. ఒక్క జిగురే అయితే నోటికి వెగటు. దానిని చింతచిగురు విరుస్తుంది. పులుపుకు నోరూరుతుంది, ఊరిన నోటిలో పొడి ముద్ద నానుతుంది. పొడి ధాన్యం, జారుడు ఆకు, నోరూరించే పులుపు, ఈ మూడూ ఒకదాని లోటును ఒకటి పూడ్చుకొనే జట్టు. దేవుడికి కూడ మింగుడుపడదని కవి ఎంచుకొన్న ముద్ద నిజానికి మింగడం తేలిక కావడానికే కూర్చిన ముద్ద.

మసాలా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. శ్రీనాథుని కాలానికి తెలుగునాట మిరపకాయ లేదు. అది 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో ఈ తీరానికి చేరి, మిరియం పేరును పోలిన పేరుతో వంటింట్లో స్థిరపడింది. అంతకు ముందు కారానికి మిరియమే గతి. అది పశ్చిమ తీరం నుండి రావలసిన వర్తకపు సరుకు. ఊరి పొలిమేరలోనే, ఖర్చు లేకుండా, చెట్టుకు కాసే రుచి పులుపు. పల్లె వంటలో చింతచిగురు ఒక అలంకారం కాదు, అదే ప్రధానమైన మసాలా. ఇవాళ గుంటూరు, పల్నాడు అనగానే మిరపకాయ గుర్తుకు వచ్చే మనం ఆ చాటువులోని కూరను చప్పిడి కూరగా ఊహించుకొంటాము. ఆ ఊహ మన నాలుకది, ఆ కాలానిది కాదు.

పద్యం తీరు కొంత తెలుస్తుందేమోనని ఈ వంటకాన్ని గడచిన వేసవిలో వండి చూశాను. సిద్ధాంత వ్యాసానికి ఇది పద్ధతి కాదని తెలుసు, అయినా చింతచిగురు వచ్చే రోజులు దాటిపోతుంటే ఆగలేకపోయాను. ఒక గ్లాసు జొన్నరవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు, ఒక పెద్ద కట్ట బచ్చలి, రెండు గుప్పిళ్లు చింతచిగురు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, దంచిన మిరియాలు పది, నువ్వులనూనె, ఉప్పు. మిరపకాయ వేయలేదు. వేడి మీద ముద్ద చక్కగా దిగింది, పులుపు నోరంతా పరచుకొంది. మిగిలినదాన్ని గంటన్నర తర్వాత తిన్నప్పుడు మాత్రం కవి పక్షాన కొంత న్యాయం ఉందనిపించింది. ముద్ద గడ్డకట్టింది, బచ్చలి విడిగా జారిపోయింది. ఊళ్లో అందరూ తిన్న తర్వాత, ఆలస్యంగా వచ్చిన అతిథికి చల్లారిన కూడే మిగులుతుంది. పద్యంలో కూర ఉడుకుగా ఉంది. కూడు ఉడుకుగా ఉందని చెప్పలేదు. మెల్లగా మింగమన్న మాట వెక్కిరింతే కాదు, తొందరపడి మింగబోయి ఇబ్బంది పడినవాడి సలహా కూడ కావచ్చు.

ఆ పూట నా పక్కనే మాచర్ల ప్రాంతంలో పుట్టి పెరిగిన మా అమ్మమ్మ ఉంది. నేను పళ్లెంలో బచ్చలికూర నిండుగా పెట్టుకొని, పక్కన కాస్త జొన్నకూడు వేసుకోవడం చూసి, "ఇదేం తిండే, ఆదరువు తింటూ కూడు నంజుకుంటున్నావా?" అంది. ఆదరువు అంటే కూటికి ఆధారంగా నిలిచేది: కూర, పచ్చడి, పులుసు. ఆధారం ఇచ్చేది ఎప్పుడూ పక్కనే ఉండాలి, నడుమ ఉండవలసినది కూడు. ఈ మాటకు వ్యాసం చివర మళ్లీ వస్తాను.

రాయల వాన

ఆముక్తమాల్యదలోని పద్యంలో ఆకులు నాలుగు: గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస. వాటికి చింతచిగురు చేర్చి, నూనెతో పొరటి, ఆవిర్లు కక్కే ఆరికల అన్నంతో తృప్తిగా మెక్కి, మేకఎరువు రగులుతున్న కుంపటి పెట్టుకొని రెడ్లు మంచాలెక్కారు. పసులు మేతకు పోయాయి, ఇంట మిగిలిన లేగదూడలు వారి ఒళ్లు నాకుతున్నాయి. బయట జడి.

మొదట ఆ నాలుగు ఆకుల సంగతి. ఇవి తోటలో పెంచేవి కావు. తొలకరి పడగానే చేలలోను గట్ల మీదను వాటంతటవే మొలిచే కలుపు మొక్కలు. కలుపు తీసే చెయ్యి ఏది పారవేయాలో, ఏది కొంగున వేసుకోవాలో ఎంచుకొంటుంది. బచ్చలి పెరట్లో పందిరికి పాకే తీగ. అతిథిగా వచ్చిన శ్రీనాథుడికి కనిపించేది పెరడు. రాయలు ఎంచిన ఆకులు చేనివి, అందులోను వానకాలపు మొదటి రోజులవి. తగిరిస ముదిరితే చేదెక్కుతుంది కనుకనే పద్యంలో లేతదనం ప్రత్యేకంగా చెప్పబడింది. ఇంత వివరం తెలిసినవాడు ఆ కూర గురించి విన్నవాడే కాదు, దానిని ఎరిగినవాడు.

తర్వాత ఆరిక. చిరుధాన్యాలలో కూడ మొండి పంట ఇది. నిస్సారమైన నేలలో పండుతుంది, వానకు ఓర్చుతుంది, ఎండకు ఓర్చుతుంది, గాదెలో ఏళ్ల తరబడి చెడకుండా నిలుస్తుంది. పంట కోతకు రావడం వానలు వెనుకబట్టిన తర్వాత. కాబట్టి జడివానలో రెడ్లు తింటున్నది కిందటి ఏటి ఆరికలు. పాత ధాన్యం, ఆ వారం మొలిచిన ఆకు: కొత్త పంటకు ఇంకా నెలలున్న ఎడకాలంలో పల్లె బతికే లెక్క అంతా ఆ ఒక్క పద్యపాదాల నడుమ ఉంది. ఈ లెక్క కరువు లెక్క మాత్రం కాదు. కూరలో నూనె ధారాళంగా ఉంది, ఇంట పాడి ఉంది, ఊరిపై పెత్తనం కూడ వీరిదేనని పద్యమే చెబుతోంది. ముతక ధాన్యం తినేవాడు పేదవాడే అయి ఉండాలన్న మన ఊహను ఈ పద్యం నిలువనీయదు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) కావ్యాలను సాంఘిక చరిత్రకు ఆకరాలుగా తీసుకొనే దారిని చూపింది. ఆ దారిలో నడిచేటప్పుడు ఒక ఆకరాన్ని మరొక ఆకరంతో సరిచూసుకోవాలన్న నియమం తిండి విషయంలో కూడ వర్తిస్తుంది.

అలాగని రాయల పద్యాన్ని పూర్తిగా నమ్మనక్కరలేదు. తన రాజ్యంలోని కాపులు వానలో కడుపునిండా తిని మంచాలెక్కి పడుకొన్నారని చెప్పడం ఏ రాజుకైనా ఇష్టమైన దృశ్యం. శ్రీనాథుడు కూటిని ఎగతాళి చేశాడు, రాయలు ముచ్చటపడ్డాడు. ఇద్దరూ సన్నబియ్యపు విస్తళ్ల దగ్గరి నుండే చూశారు. ముచ్చట మెరుగైన చూపే కాని, ఆ చూపుకు కూడ ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో నాకు పుస్తకంలో తెలియలేదు. పద్యాన్ని వాడుకమాటల్లో అమ్మమ్మకు చెప్పినప్పుడు గురుగు, చెంచలి, తుమ్మి అన్న పేర్లకు తల ఊపుతూ వచ్చినావిడ ఆరికల దగ్గర ఆగి, "వానలో ఆరికలు ఎవరు దంచారు?" అని అడిగింది. ఆరిక గింజకు పొట్టు పొరలు పొరలుగా ఉంటుంది. జొన్నలా ఒక దంపుతో పోదు. దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. తేమ పట్టిన వానరోజుల్లో ఈ పని రెట్టింపు. బూజు పట్టిన గింజలను ఏరడంలో పొరపాటు జరిగితే తిన్నవారికి మత్తు, వాంతులు, వణుకు తప్పవు. ఆరికలకు ఈ దోషం ఉందని పాతవారికి తెలుసు, బూజు వల్ల పుట్టే విషమే దానికి కారణమని నేటి శాస్త్రం చెబుతోంది. పద్యంలోని ఆవిర్లు కక్కే అన్నం వెనుక ఒక పూటంతా రోకలి ఉంది, ఆ రోకలి పద్యంలో లేదు. దానికోసం దంపుళ్ల పాటల వైపు, తిరగలి పాటల వైపు వెళ్లాలి. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయ సాహిత్యంపై చేసిన సిద్ధాంత పరిశోధన ఆ దారి తెరిచి అరవై ఏళ్లు దాటింది. అయినా కావ్యాలలోని భోజన వర్ణనలనూ, ఆ భోజనం తయారుచేసినవారి పాటలనూ ఒకే బల్ల మీద పెట్టి చదివే పని ఇంకా చేయవలసే ఉంది.

దేవుడు తిన్న అంబలి

చాటువులోని సవాలుకు తెలుగు సాహిత్యంలో ముందే ఒక జవాబు ఉండడం విశేషం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. కరికాల చోళుని గుర్రాలకు గడ్డి కోసే చెన్నయ్య రహస్యంగా శివుని కొలుస్తాడు, తాను తాగే అంబలినే నివేదిస్తాడు. శివుడు వచ్చి ఆ అంబలిని ఇష్టంగా ఆరగిస్తాడు. ఆ రోజు రాజు పెట్టిన పంచభక్ష్యాలు ఆయనకు రుచించవు. ఇక్కడ దేవుడికి సవాలు లేదు, పరీక్ష లేదు. ఆయనే వెతుక్కొంటూ వచ్చాడు. 13వ శతాబ్దిలో ద్విపదలో వచ్చిన ఈ కథకూ, 15వ శతాబ్ది ఆస్థానకవి పేర నిలిచిన వృత్తానికీ మధ్య ఛందస్సులో ఎంత తేడా ఉందో పళ్లెంలోనూ అంత తేడా ఉంది. శ్రీనాథుడు సోమనాథుని ఎరగనివాడు కాదు. పండితారాధ్యచరిత్రను తానూ పద్యకావ్యంగా రచించాడని సంప్రదాయం. అందువల్ల దేవుడికి ముతక కూడు పెట్టే ఈ సవాలులో శైవ కథలను గిల్లే కొంటెతనం కూడ ఉన్నదేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ముతక ధాన్యం పక్షాన నేరుగా వాదించిన కావ్యం మాత్రం పొరుగు భాషలో వచ్చింది. కనకదాసు కన్నడంలో రచించిన రామధాన్యచరితెలో రాగికీ వరికీ ఎవరు గొప్ప అన్న తగవు పుడుతుంది. తీర్పు కోరితే రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. వరి చెడిపోతుంది, రాగి నిలుస్తుంది, రాఘవుని పేరు దక్కించుకొంటుంది. వరి గర్వాన్ని కులగర్వానికి ప్రతిరూపంగా నిలిపిన కృతి అది. తెలుగులో మనకు అలాంటి కృతి లేకపోవడం వల్లనే, ఒక చాటువు ఇంతకాలం ఆ ఖాళీని నింపింది.

పేర్లు, పళ్లేలు

ఆయుర్వేద గ్రంథాలు ఈ ధాన్యాలను కుధాన్యాలని, క్షుద్రధాన్యాలని, తృణధాన్యాలని వర్గీకరించాయి. ఇప్పుడు మనం వాడే చిరుధాన్యం అనే మాట ఆ క్షుద్రత్వాన్ని మెత్తబరచినదే. కన్నడం నుండి వచ్చి ప్రచారం పొందుతున్న సిరిధాన్యం అనే పేరు రెండు అక్షరాల మార్పుతో ఎగతాళిని సంపదగా మార్చింది. కూడు అనే మాట ప్రయాణం దీనికి ఎదురు దిశలో సాగింది. తమిళంలో కూழ் అంటే జావ. దానికి జ్ఞాతిపదమైన కూడు తెలుగులో భోజనమంతటికీ పేరుగా ఎదిగి, అన్నం అనే సంస్కృత పదం రాగానే కిందికి జారింది. పిలిచి పెడితే అన్నం, తిట్టి పెడితే కూడు.

పళ్లెంలో మార్పు ఇంకా ఇటీవలిది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తర్వాత సన్నన్నం సున్న అని పేరుపడిన పల్నాడు వరి పండించే సీమ అయింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కాలువ అందని మెట్ట పల్లెలకు కూడ వరి అన్నాన్ని చేర్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తేలికగా మాట్లాడడం తగదు. అయితే ఒక తరం తిరిగేసరికి జొన్న, ఆరిక, కొర్ర రోజువారీ కూటి స్థానం నుండి తప్పుకొన్నాయి, దంచే చేతులకు విశ్రాంతి దొరికింది, వాటితో జట్టుగా ఉన్న ఆకుల పేర్లు కూడ మరుగున పడసాగాయి.

2018లో భారత ప్రభుత్వం వీటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది, 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, పీచు సుమారు 10 గ్రాములు, ఇనుము 4 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉన్నాయి. మరపట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8, పీచు 3 గ్రాముల లోపు. ఇనుము ఒక మిల్లీగ్రాము కూడ లేదు. ధాన్యంలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆకుకూరల్లోని సి విటమిను, పులుపు తోడ్పడతాయన్న సంగతి కూడ ఇప్పుడు అందరికీ తెలిసినదే. చాటువులోని ముద్ద ఈ లెక్కన చూసినా ఓడిపోదు.

ఇప్పుడు సభలలో, హోటళ్లలో కొర్రలనో ఆరికలనో నాలుగు రకాల కూరగాయ ముక్కలతో, పోపుతో కలిపి చిన్న గిన్నెలో పళ్లెం అంచున పెడుతున్నారు. దానికి సైడ్ డిష్ అని పేరు. ఒక పరిశోధక సదస్సులో భోజనం వేళ ఆ గిన్నె నా ముందుకు వచ్చినప్పుడు, నడుమ యథాప్రకారం సన్నబియ్యపు అన్నం ఉంది. రుచికి లోపం లేదు. గిన్నె ఖాళీ చేశాను. అయితే అమ్మమ్మ మాట గుర్తుకు వచ్చింది. కూడు నంజుడు అయింది. చాటువులో దేవుడు ఒక్క ముద్ద తింటే చాలునన్నాడు కవి, ఈ గిన్నెలోనూ ఉన్నది సరిగ్గా ఒక్క ముద్దే. అప్పుడు అది పరీక్షగా పెట్టిన ముద్ద, ఇప్పుడు మందుగా పెట్టిన ముద్ద.

రాయల పద్యంలోని ఆకులు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. తుమ్మికూర వినాయక చవితి నాడు తెలంగాణ ఇళ్లలో వండుతారు, ఆ ఒక్క రోజు హైదరాబాదు బజార్లలో కూడ దొరుకుతుంది. తగిరిస తొలకరి రోజుల్లో కొన్ని పల్లెల్లో కూరకు వస్తుంది. జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలతోపాటు సాగుచేయని ఆకుకూరల జ్ఞానాన్ని కూడ నిలుపుకొంటూ వచ్చాయి. గురుగు, చెంచలి అన్న పదాల దగ్గర మన నిఘంటువులు శాకవిశేషమని సరిపెట్టుకొన్నాయి. ఏ ఆకు, ఎన్ని రోజుల లేతది, నూనెలో పొరటాలా ఉడికించి వార్చాలా, ఏ ధాన్యానికి ఏది తోడు అన్న వివరాలకు ఆముక్తమాల్యద వ్యాఖ్యానాలను తీసుకొని ఆ చేలగట్ల మీదికే వెళ్లాలి. వచ్చే తొలకరికి ఆ పని మొదలుపెట్టాలని ఉంది.